దొరసానికి ఆదివారం గడువు

మా షెడ్డులో ఒక పాత ఇంగ్లీషు కారుంది. రెండే సీట్లు, పొడుగాటి ముక్కు, ఎర్రటి ఒళ్ళు, నేలకి జానెడెత్తు. మా వీధివాళ్ళు దాన్ని దొరసాని అంటారు. కోపం రానంతసేపూ నేనూ అదే అంటాను. కోపమొచ్చినప్పుడు ఏమంటానో ఇక్కడ చెబితే మా ఆవిడ చెవిన పడుతుంది.

నాది ఇళ్ళ సామాన్లు మార్చే లారీ. ఒక ముసలి డాక్టరుగారి ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడు పియానో ఎక్కించాం, పుస్తకాలు ఎక్కించాం, గోడకున్న మేకులు కూడా పీకి ఎక్కించాం. ఆఖరికి షెడ్డు మూల టార్పాలిను కింద ఇది బయటపడింది. "ఇదీ ఎక్కించమంటారా డాక్టరుగారూ?" అన్నాను. ఆయన దానికేసి ఓ చూపు చూసి, "నువ్వే ఉంచుకో నాయనా. ఇరవై ఏళ్ళు చూశాను, ఇక నా వల్ల కాదు," అన్నారు. డాక్టరు చేతులెత్తేసిన రోగిని లారీవాడు ఎగిరి గంతేసి ఇంటికి తెచ్చుకున్నాడు.

దాని గుణాలు చెప్తే ఎవరూ నమ్మరు. అయినా చెప్తాను.

చమురు కారుతుంది. కారే బళ్ళు చాలానే ఉంటాయి. ఇది మాత్రం ఒక పద్ధతిగా, నాలుగు అడుగులకో చుక్క చొప్పున కారుతుంది. నేనెక్కడికి వెళ్ళానో తెలుసుకోవాలంటే మా ఆవిడ ఫోను చెయ్యదు. గేటు దగ్గర మొదలుపెట్టి చుక్కలు చూసుకుంటూ వచ్చేస్తుంది. ఒకసారి కూడలిలో కొత్తగా వచ్చిన ట్రాఫిక్కు పోలీసు నా చుక్కల్ని రాత్రికి రాత్రి వేసిన రోడ్డు లైను అనుకుని, బళ్ళన్నిటినీ దాని వెంట మళ్ళించాడు. ఎనిమిది కార్లూ ఒక ఐస్‌క్రీం బండీ వచ్చి మా షెడ్డు ముందు వరసగా ఆగాయి. ఐస్‌క్రీం ఆయన మంచివాడు, కాసేపు కూర్చుని వెళ్ళాడు.

టాపు గుడ్డది. దానికి ముప్ఫయ్యారు నొక్కుడు గుండీలు. చినుకు పడగానే దిగి ఒక్కో గుండీ నొక్కుకుంటూ వస్తే, ఇరవై రెండో గుండీ దగ్గర వాన వెలుస్తుంది. పోనీలే అని విప్పడం మొదలుపెడితే మళ్ళీ పట్టుకుంటుంది. ఒక వానాకాలం మొత్తం నేను రోడ్డు పక్కన గుండీలు పెట్టుకుంటూ, విప్పుకుంటూ గడిపేశాను. లోపల పడ్డ నీళ్ళు మాత్రం ఎటూ పోవు. చమురు పోవడానికి ఉన్న దారి నీళ్ళకి ఎందుకు లేదో దాన్ని కట్టినవాడే చెప్పాలి.

పెట్రోలు ముల్లు ఎప్పుడూ సగం దగ్గరే ఉంటుంది. నిండా పోసినా సగమే, చుక్క లేకపోయినా సగమే.

ఇక బోల్టులు. లోకంలో స్పానర్లు రెండు రకాలైతే దీనికి మూడో రకం కావాలి. ఒకే మూతకి నాలుగు బోల్టులుంటే, ఒకటి అంగుళాల లెక్కలో ఉంటుంది. రెండోది వాళ్ళ తాతల నాటి ఇంకేదో లెక్కలో ఉంటుంది. మూడోది డాక్టరుగారు విసుగెత్తి చేతికందింది పెట్టి బిగించేసింది. నాలుగోది ఉండదు. నాలుగోది ఎప్పుడూ ఉండదు.

ఇవన్నీ నేను భరించాను. భరించలేకపోయింది మా ఆవిడ.

ఆవిడ కర్టెన్లు కుడుతుంది. నేను జనాన్ని కొత్త ఇళ్ళలోకి దింపుతాను, ఆ ఇళ్ళ కిటికీలకి ఆవిడ తెరలు కుడుతుంది. మిషను పెట్టుకోవడానికి ఇంట్లో వేరే చోటు లేక భోజనాల బల్ల మీదే పెట్టింది. ఆ సోమవారం నేను పళ్ళెం ముందు కూర్చున్నానో లేదో, మొదలైంది.

"ఏమండీ, మీ పళ్ళెం కింది గుడ్డ ఇలా ఇవ్వండి. అది పళ్ళ డాక్టరుగారి హాల్లో కర్టెను."

"లాగితే పళ్ళెం కూడా వస్తుందే."

"అందుకే చెప్తున్నా. షెడ్డు నాకు కావాలి."

"షెడ్డులో దొరసాని ఉందిగా!"

"ఉంది. మూడు నెలలుగా కదలకుండా ఉంది. కదలకుండా ఉన్నదాన్ని కారు అనరండీ, బీరువా అంటారు. దానికి తలుపులు కూడా సరిగ్గా పడవు."

"అదికాదే, ఇంకొక్క వారం..."

"సరే, వారమే. ఆదివారం పొద్దున నన్ను ఎక్కించుకుని కొండ మీద నీళ్ళ ట్యాంకు దాకా వెళ్ళి రావాలి. ఎదురింటాయన జీపూ, ఆయన పచ్చ తాడూ లేకుండా రావాలి. తాడు కట్టి లాక్కొచ్చారో, సోమవారం పాత ఇనుము అతను వస్తాడు. మాట్లాడేశాను."

"మాట్లాడేశావా!"

"టైరులతో సహా పట్టుకుపోతానన్నాడు. తినండి, చల్లారిపోతుంది."

పాత ఇనుము అనేసరికి ముద్ద పళ్ళెంలోనే వదిలేశాను. నేను పొద్దున లేస్తే ఇంకొకళ్ళ మంచాలు, ఇంకొకళ్ళ బీరువాలు మోసే మనిషిని. నన్ను మోసుకుపోయేది ఈ లోకంలో అదొక్కటే. అది బాగున్న రోజున కొండ రోడ్డు మీద మూడో గేరులో మూతి పైకెత్తి అరుస్తుంటే, నా నడుం నొప్పి ఏ మలుపు దగ్గర దిగిపోయిందో కూడా తెలిసేది కాదు. మూడు నెలల కిందటి దాకా అలాగే ఉండేది. తరవాత నేనే బుద్ధి తక్కువై కార్బురేటర్లు ఊడదీయించాను.

దొరసాని ఇంజనుకి కార్బురేటర్లు రెండు. అంటే గాలీ పెట్రోలూ కలిపి ఇంజనుకి తాగించే గిన్నెలన్నమాట. రెండూ సమానంగా పీల్చాలి. ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా పీల్చిందా, ఎద్దునీ మేకనీ ఒకే కాడికి కట్టినట్టే. చదును మీద ఎలాగో ఈడుస్తుంది గానీ ఎత్తు వచ్చేసరికి దగ్గి, తుమ్మి, పడుకుంటుంది. వాటిని శుభ్రం చేసి మళ్ళీ పెట్టాక, రెండింటినీ సరిసమానం చెయ్యాలి. మా ఊళ్ళో ఆ పని తెలిసినవాడు ఒక్కడే. మా మామగారు.

ఆయన మా మేడమీది గదిలో ఉంటారు. నలభై ఏళ్ళు వర్క్‌షాపులో పనిచేశారు. అక్కడ అందరూ ఆయన్ని చెవి మేస్త్రి అనేవాళ్ళు. మూరెడు రబ్బరు పైపు ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొస కార్బురేటరు మూతి దగ్గర పెట్టి, కళ్ళు మూసుకుని గాలి ఎంత బుస్సుమంటుందో వింటారు. తరవాత రెండోదాన్ని వింటారు. స్క్రూ పావు వంతు తిప్పుతారు. మళ్ళీ వింటారు. రెండు బుసలూ ఒకటయ్యాక, అగ్గిపుల్లతో ఎర్రటి గోళ్ళరంగు తీసుకుని, స్క్రూ మీదా పక్కనున్న ఇనుము మీదా కలిసేట్టు ఒక్క చుక్క పెడతారు. తరవాత ఎవరైనా వేలు పెట్టి తిప్పితే చుక్క చీలిపోతుంది, దొంగ దొరికిపోతాడు. గోళ్ళరంగు మా ఆవిడది. ఆవిడ గోళ్ళకంటే కార్బురేటర్లకే ఎక్కువ ఖర్చయిపోయింది.

"చెవి ఉన్నన్నాళ్ళే అల్లుడూ నేను మేస్త్రిని," అనేవారు పైపు మెడలో వేసుకుని. "చెవి పోతే నేనూ ఒక ముసలాణ్ణే."

ఈ మూడు నెలల్లో మామగారు ఆ కార్బురేటర్లని పన్నెండు సార్లు వినుంటారు. విన్నప్పుడల్లా బండి ఇంకాస్త చెడేది. "తప్పు సెట్టింగుది కాదు. ప్లగ్గులు మార్చు," అనేవారు. మార్చాను. "వైర్లు మార్చు." మార్చాను. "పెట్రోలు పంపు మార్చు." అదీ మార్చాను. ఆ పంపు సముద్రాలు దాటి పోస్టులో రావడానికి నలభై రోజులు పట్టింది. తీరా వచ్చాక చూస్తే ఎడమ వైపు తిరగాల్సింది కుడి వైపు తిరిగి ఉంది. ఎలాగో పైపులు వంచి బిగించాను. ఇంజనులో పాతది ఇంకేముందా అని వెతికితే మిగిలింది నేనొక్కణ్ణే.

ఊళ్ళో కుర్ర మెకానిక్కుల దగ్గరికి వెళ్ళకపోలేదు. ఒకతను బానెట్టు ఎత్తి అటూ ఇటూ చూసి, "అన్నా, కంప్యూటరు వైరు ఎక్కడ గుచ్చాలి?" అన్నాడు. ఎక్కడ గుచ్చాలో నాకు తోచింది గానీ చెప్పలేదు.

మంగళవారం, బుధవారం అలాగే గడిచాయి. గురువారం మామగారు కిందికి దిగి, "ఈసారి ఎట్లా లొంగదో చూస్తాను. స్టార్ట్ చెయ్యి," అన్నారు.

ఆ రోజు మా వీధిలో తారు వేస్తున్నారు. రోడ్డు రోలరు మా గేటు ముందే వెళ్ళడం, రావడం. ఇల్లంతా ఊగిపోతోంది, బల్ల మీది గ్లాసులు వాటంతటవే నడిచి వంటింట్లోకి వెళ్ళిపోతున్నాయి. నేను సీట్లో కూర్చుని స్విచ్చి తిప్పి స్టార్టరు నొక్కాను. ఇంజను అందుకుంది. మామగారు రంగుకి గీతలు పడతాయని ఎప్పట్లాగే ఒళ్ళు ఎక్కడా తగలకుండా వంగి, పైపు చెవిలో పెట్టుకుని, కళ్ళు మూసుకున్నారు. ఒకదాన్ని విన్నారు. రెండోదాన్ని విన్నారు. స్క్రూ తిప్పారు. మళ్ళీ పైపు పెట్టారు.

సరిగ్గా అప్పుడు ఇంజను గుడగుడమని ఆగిపోయింది. నా ముందు ఇంజను వేగం చూపించే ముల్లు సున్నా మీద పడింది, ఎర్ర దీపం వెలిగింది. నేను నోరు తెరిచి చెప్పబోయాను.

మామగారు కళ్ళు మూసుకుని వింటూనే ఉన్నారు.

తల ఊపారు. పైపు రెండోదాని దగ్గరికి మార్చారు. మళ్ళీ తల ఊపారు. బయట రోలరు గర్జిస్తోంది. ఆయన మొహం మీద చిరునవ్వు వచ్చింది. "అదీ! ఇప్పుడు కుదిరింది అల్లుడూ. రెండూ ఒక్క శ్రుతిలో ఉన్నాయి. విను, ఎంత బాగుందో!" అన్నారు.

చచ్చిన ఇంజను ముందు నిలబడి అన్నారు ఆ మాట.

ఆయన కళ్ళు తెరిస్తే ముందు కనబడేది ఫ్యాను. ఫ్యాను తిరగడం లేదు. నాకేం తోచిందో తెలియదు, స్టార్టరు నొక్కేశాను. ఆ దొరసాని పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక్క నొక్కుకి అందుకుంది. ఆయన కళ్ళు తెరిచేసరికి ఫ్యాను గిర్రున తిరుగుతోంది.

"ఎట్లా ఉంది?" అన్నారు.

"బ్రహ్మాండం మామయ్యా!" అన్నాను.

నా గొంతు లారీ హారనులాంటిది. ఇన్నాళ్ళూ నా మాటలు ఆయనకి ఎలా అందాయో అప్పుడు అర్థమైంది. ఆ సన్నటి బుస మాత్రం ఆయనకి ఎన్నాళ్ళుగానో అందడం లేదు. ఆయన అగ్గిపుల్ల తీసి, నాలిక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, రెండు స్క్రూలకీ రెండు ఎర్ర చుక్కలు ఎంతో ముచ్చటగా పెట్టారు.

ఇప్పుడు నా పరిస్థితి చూడండి. చెబితే, ముసలాయన పైపు మెడలోంచి తీసి పక్కన పెట్టి, మేడెక్కి, మళ్ళీ దిగరు. చెప్పకపోతే, సోమవారం దొరసాని ముక్కలైపోతుంది. మా ఆవిడతో అందామంటే, అది ఆవిడ కన్నతండ్రి చెవి. ఏ మొగుడైనా ఏమని మొదలుపెడతాడు?

శనివారం పొద్దున మామగారు క్షవరానికి వెళ్ళారు. నేను షెడ్డు తలుపు దగ్గరగా వేసి, బండి స్టార్ట్ చేసి, ఆ పైపు నా చెవిలో పెట్టుకున్నాను. ఒకదాంట్లో సముద్రం వినబడింది. రెండోదాంట్లోనూ సముద్రమే వినబడింది. ఏది పెద్ద సముద్రమో తెలుసుకోవడానికి అరగంట నిలబడ్డాను, చెవి ఎర్రబడింది. స్క్రూడ్రైవరు తీశాను. ఎర్ర చుక్క నావంక చూసింది. తిప్పితే చీలిపోతుంది, తిప్పింది నేనని తెలిసిపోతుంది. మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. పెట్టుకుంటుంటే తలుపు సందులోంచి ఒక తల కనబడింది. ఎదురింటి పోస్టుమాస్టరుగారు. రిటైరై ఆరేళ్ళయింది, అప్పట్నుంచి నా ఉత్తరాలకు బదులు నా కష్టాలు చూస్తూ ఉంటారు.

"ఏమోయ్, తాడు ఉతికి ఆరేశాను. రేపు ఎన్నింటికి రమ్మంటావ్?"

"అక్కర్లేదండీ."

"పోయినసారీ ఇదే అన్నావు. రెండో మలుపా, మూడో మలుపా, అది చెప్పు చాలు. టిఫిను దానికి తగ్గట్టు తింటాను."

ఆదివారం వచ్చింది. మా ఆవిడ జడ గట్టిగా ముడేసుకుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, పరీక్షకి వచ్చిన ఇన్‌స్పెక్టరులా సీట్లో కూర్చుంది. మామగారు గేటు పట్టుకుని నిలబడ్డారు. "ధైర్యంగా వెళ్ళు అల్లుడూ, సెట్టింగు నాది!" అన్నారు. ఎదురుగా జీపు బానెట్టు మీద పచ్చ తాడు చుట్టలు చుట్టి పెట్టి ఉంది.

చదును మీద ఫరవాలేదనిపించింది. మొదటి మలుపు దాటాం. నేను ఒక పాట ఎత్తుకోబోయాను, రెండో మలుపు దగ్గర బండి దగ్గింది. నేను గేరు దించాను. అది తుమ్మింది. బానెట్టు సందుల్లోంచి పొగ వచ్చింది. పక్కనుంచి ఒక తాతగారు సైకిలు నడిపించుకుంటూ మమ్మల్ని దాటి, వెనక్కి తిరిగి చూసి, జాలిపడి, ముందుకు పోయారు. మూడో మలుపు దగ్గర దొరసాని ఒళ్ళంతా ఒక్కసారి విదిలించుకుని ఆగిపోయింది.

హ్యాండ్ బ్రేకు లాగాను. లాగినా మెల్లగా వెనక్కి జారుతుంటే దిగి, చక్రం కింద రాయి పెట్టి వచ్చాను.

"పెట్రోల్లో చెత్త ఉండుంటుంది," అన్నాను.

ఆవిడ ఒళ్ళో చేతిసంచీ సర్దుకుంది.

"లేదంటే ఎండకి పైపుల్లో ఆవిరి పట్టిందేమో."

"ఇంకా?"

"ఇంకా... కొండ కూడా ఈమధ్య ఎత్తు పెరిగినట్టుంది."

"బానెట్టు ఎత్తండి," అంది.

ఎత్తాను. ఆవిడ దిగి, కార్బురేటర్ల మీదికి వంగి, రెండు ఎర్ర చుక్కల్నీ చాలాసేపు చూసింది. చేతిసంచీ తెరిచింది. అందులోంచి మూరెడు రబ్బరు పైపు తీసింది.

"అదేంటే! మీ నాన్నది కదా?"

"నాది. మా నాన్న నాకు ఎనిమిదేళ్ళప్పుడు కోసిచ్చాడు. స్కూలు నుంచి రాగానే వర్క్‌షాపులో మడ్‌గార్డు మీద కూర్చోబెట్టి, ఒకటి ఆయన వినేవాడు, ఒకటి నన్ను వినమనేవాడు. ఏది ఎక్కువ బుస్సుమంటోందమ్మా అని అడిగేవాడు. సరిగ్గా చెబితే బిస్కట్టు." ఆవిడ పైపులో దుమ్ము ఊదింది. "ఆయనకి చెవి పోయి రెండేళ్ళయిందండీ."

నేను రోడ్డు పక్కన గట్టు మీద కూలబడ్డాను.

"నీకు తెలుసా?"

"మిషను మీద కుడుతూ సూది విరిగితే మేడమీంచి కేకేసి అడిగేవాడు, ఏమైందమ్మా అని. రెండేళ్ళుగా అడగడం లేదు. మీకెప్పుడు తెలిసింది?"

"గురువారం. ఇంజను ఆగిపోయాక కూడా ఆయన వింటూనే ఉన్నారు."

"మరి నాతో చెప్పలేదేం?"

"ఎట్లా చెప్తానే? మీ నాన్న కదా."

"బండి పాత ఇనుములోకి పోయేదిగా!"

నేను గట్టు మీది గడ్డి పీకుతూ కూర్చున్నాను. ఆవిడ పైపు చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది. "నేను కూడా అందుకే పెట్టానండీ గడువు. బండి పోతే ఆయన చెవికి ఇక పరీక్ష ఉండదనుకున్నా. చెవి మేస్త్రిగానే మిగిలిపోతాడనుకున్నా. బల్ల మీద చోటు ఉంటే ఎంత, లేకపోతే ఎంత. ఇన్నేళ్ళూ కుట్టలేదా? అయినా పొద్దున ఈ పైపు సంచీలో వేసుకోకుండా ఉండలేకపోయా."

ఇద్దరం ఒకే ఇంట్లో, ఒకే ముసలాయన చెవిని ఒకళ్ళ దగ్గర ఒకళ్ళం దాచిపెట్టాం. నాకు నవ్వొచ్చింది, ఒళ్ళు మండింది, ఏది ముందో తెలియలేదు.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నాను.

"స్క్రూడ్రైవరు ఇవ్వండి. పోస్టుమాస్టరుగారి తాడు నా ఒంట్లో ప్రాణం ఉండగా ఈ బండికి తగలనివ్వను. గడువు పెట్టినదాన్ని నేను, ఓడిస్తే నేను ఓడించాలి."

ఇంజను స్టార్ట్ చేశాను. ఆవిడ పైపు చెవిలో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. అచ్చం తండ్రిలాగే నాలిక కొస పళ్ళ మధ్య పెట్టుకుంది. "ఇది గోదాము తలుపంత తెరిచి ఉంది, అది చీమ దూరేంత," అంది. గోటితో ఎర్ర చుక్క గీకింది. ఒక స్క్రూ ముప్పావు వంతు వెనక్కి, రెండోది సగం ముందుకి. మళ్ళీ విన్నది. ఇంకొంచెం తిప్పింది. మెల్లగా, దొరసాని వణుకు తగ్గింది. దగ్గు ఆగింది. మూడు నెలలుగా నేను మర్చిపోయిన ఆ చప్పుడు, గొంతు సవరించుకున్న మనిషి మాటలా, ఇంజనులోంచి వచ్చింది.

ఆపైన కొండ ఎక్కడం గురించి ఏం చెప్పను. బండి ఎంత ఊపు మీద ఉందంటే, నీళ్ళ ట్యాంకు దగ్గర ఆపాక కూడా మా ఇద్దరి మనసులూ ఇంకో ఫర్లాంగు ముందుకెళ్ళి తిరిగి రావాల్సొచ్చింది. మధ్యలో సైకిలు తాతగారిని దాటాం. ఆయన చెయ్యూపారు.

దిగివస్తుంటే ఆవిడకి గుర్తొచ్చింది. "ఏమండీ, చుక్కలు! ఇంట్లోకి వెళ్ళగానే మీరు నాన్నని మాటల్లో పెట్టండి. నేను సీసా తెచ్చి మళ్ళీ పెట్టేస్తాను."

మంచి ఉపాయమే. కానీ గేటు దగ్గర మామగారు అడుగు కదలకుండా అక్కడే నిలబడి ఉన్నారు. పక్కన పోస్టుమాస్టరుగారు తాడు భుజానికి వేసుకుని, పెళ్ళికి పిలవని చుట్టంలా నిలబడి ఉన్నారు.

"తాడు లేదా?" అన్నారాయన, ఎంతో నిరాశగా.

"లేదండీ. టిఫిను ఇంకోసారి తినండి."

మామగారు మా మొహాలు చూడలేదు. అలవాటు ప్రకారం నేరుగా వచ్చి బానెట్టు ఎత్తారు. ఎర్ర చుక్కలున్నచోట గోటి గీతలున్నాయి. ఆయన చూపుడు వేలు ఆ గీతల మీద ఆగింది.

"ఎవరు ముట్టుకున్నారు?"

"నేనే మామయ్యా!" అన్నాను గట్టిగా. "తెలియక తిప్పేశాను."

ఆయన నావంక చూడకుండా ఇంట్లోకి వెళ్ళి, గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి, నడుస్తున్న ఇంజను మీద పెట్టారు. నీళ్ళు అంచుదాకా ఉన్నాయి. ఒక్క చుక్క ఒలకలేదు. ఆయన అరచెయ్యి ఇంజను మీద ఆనించి, చాలాసేపు అలాగే ఉన్నారు.

"నువ్వు కాదు. నీకు స్క్రూడ్రైవరు ఏ వైపు పట్టుకోవాలో కూడా ఇంకా రాలేదు," అన్నారు. తరవాత కూతురి వైపు తిరిగారు. "ఎన్నాళ్ళుగా తెలుసమ్మా?"

మా ఆవిడ రెండు వేళ్ళు చూపించింది.

"నెలలా?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. కళ్ళు నిండాయి.

ముసలాయన గ్లాసు తీసుకుని ఆ నీళ్ళు తాగారు. సగం తాగి నాకిచ్చారు. నేనేం చెయ్యాలో తెలియక మిగతాది తాగేశాను. "ఆ రోలరు వచ్చిన రోజు ఇంజను ఆగిపోయింది కదూ?" అన్నారు.

"లేదు మామయ్యా."

"నువ్వు బ్రహ్మాండం అన్నప్పుడే అనుమానమొచ్చింది. నా పనిని ఎప్పుడైనా అంత మెచ్చుకున్నావా?" మెడలోంచి పైపు తీశారు. మేడెక్కుతారనుకున్నాను. ఆయన పైపు కూతురి చేతిలో పెట్టారు. "ముందుది ఇంకా వెంట్రుకవాసి ఎక్కువ ఉంది. చేతికి తెలుస్తోంది. నువ్వు విను, నేను తిప్పుతాను. ఎక్కువైతే వేలు పైకెత్తు, తక్కువైతే దించు."

"వెంట్రుకవాసి కూడా లేదు నాన్నా! నేను విన్నాను!"

"ఏంటి?"

ఆవిడ వేలు అటూ ఇటూ ఊపింది.

"ఉంది!"

ఆ పూట మొదలైన ఆ వాదన ఇప్పటికీ తెగలేదు. పాత ఇనుము అతను సోమవారం వచ్చాడు. ఇద్దరూ వేళ్ళెత్తుకుంటూ, దించుకుంటూ ఉండగా చూసి, పెద్ద గొడవేదో జరుగుతోందనుకుని జారుకున్నాడు. కుట్టుమిషను షెడ్డులోకి వచ్చింది. దొరసాని ముక్కు దగ్గర అది, తోక దగ్గర గుడ్డల బేళ్ళు. పళ్ళ డాక్టరుగారి హాలు కర్టెనుకి కింద వరసగా నల్లటి చుక్కలున్నాయి. అది కొత్త డిజైను అని ఒప్పించి వచ్చాం, వాళ్ళ తోడికోడలు కూడా అలాంటిదే కావాలంది.

నాకు మాత్రం మిగిలిందేంటి? నా కారు బానెట్టు దగ్గరికి నన్ను రానివ్వరు. "మీరు సీట్లో కూర్చుని స్విచ్చి తిప్పండి చాలు," అంటుంది ఆవిడ. "స్పానరు ముట్టుకోకు అల్లుడూ," అంటారాయన. అంతా అయ్యాక సెట్టింగు చూసిరావాలంటూ తండ్రీ కూతుళ్ళు ఎక్కేస్తారు. బండికి సీట్లు రెండే. నేను గేటు తెరిచి పట్టుకోవాలి.

పోయిన ఆదివారం అలాగే వెళ్ళి, గంటయినా రాలేదు. ఆకాశం నల్లబడింది. ముప్ఫయ్యారు గుండీలూ నా కళ్ళ ముందు మెదిలాయి. అప్పుడు ఫోను మోగింది.

"ఏమండీ, ఆగిపోయింది. కార్బురేటర్లు బంగారంలా ఉన్నాయి. ఏమైందో తెలియడం లేదు."

"పెట్రోలు ముల్లు ఎక్కడుంది?"

"సగంలో ఉందండీ."

నేను ఫోను పెట్టేసి పెట్రోలు డబ్బా పట్టుకున్నాను. ఎదురింటి పోస్టుమాస్టరుగారు గుమ్మంలోకి వచ్చి, ఆశగా తాడు చూపించారు. వద్దని చెయ్యూపి, గేటు దగ్గర మొదటి చుక్క చూసుకుని, కొండవైపు నడవడం మొదలుపెట్టాను.